పటేల్ షాట్, సంఘం షాట్

తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాల వల్ల మహారాష్ట్రలోని షోలాపూర్ నేత పేటలు సగం తెలుగు ఊళ్లుగానే ఉంటాయి. అక్కడి దుప్పట్లపై పువ్వులను తేల్చేది జకార్డు, అంటే రంధ్రాలు పొడిచిన అట్టల వరుసను బట్టి ఏ పడుగు పోగు లేవాలో, ఏది కిందనే ఉండాలో నిర్ణయించే సాధనం. 1804 నాటి ఈ ఫ్రెంచి పద్ధతి తరువాతి కాలపు కంప్యూటర్‌కు దారి చూపింది కనుక డిజిటల్ కళకు నేతతో పాత చుట్టరికమే ఉంది. అయితే ఈ పేటలలో మగ్గం నడిపేది ఎక్కువగా పురుషులు. స్త్రీలలో చాలామందికి దక్కింది బీడీలు చుట్టే చేట.

సాధనం ఎవరి చేతిలో ఉంటే బొమ్మ వారి పక్షాన మాట్లాడుతుందని గుర్తించినవారిలో అమెరికాలోని చికానా స్త్రీలు, అంటే తమ మెక్సికన్ మూలాలను రాజకీయ గుర్తింపుగా చాటుకునేవారు, ముఖ్యులు. 2001లో శాంటా ఫే నగరపు జానపద కళా మ్యూజియంలో జరిగిన ‘సైబర్ ఆర్తే’ ప్రదర్శనలో, మెక్సికన్లు కొలిచే మేరీమాత రూపమైన గ్వాడలూపే మాతను గులాబీలు తొడిగి ధీమాగా నిలబడిన నేటి స్త్రీగా చూపిన చికానా కళాకారిణి ఆల్మా లోపెజ్ డిజిటల్ చిత్రాన్ని తొలగించాలని పెద్ద ఆందోళనే సాగింది.

తెలుగునాట ఇంతకన్నా లోతైన ఉదాహరణ షోలాపూర్–హైదరాబాద్ రహదారి మీది జహీరాబాద్ పక్కనే, పస్తాపూర్‌లో ఉంది. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీశ్ తదితరులు 1983లో స్థాపించిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల నుంచి వచ్చిన దళిత స్త్రీలు, పెద్దగా చదువు లేకపోయినా, వీడియో కెమెరా నేర్చుకొని కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. సినిమా పరిభాషను వారు ఉన్నదున్నట్లు తీసుకోలేదు. పై నుంచి కిందికి చూసే కోణం దొర కూలిని చూసే చూపు కనుక దానిని పటేల్ షాట్ అన్నారు. కింద నుంచి పైకి చూసేది దొర ముందు నేల మీద కూర్చున్న జీతగాడి చూపు. అందరూ ఒకే చాప మీద కూర్చునే సంఘంలోలాగా కంటికి కన్ను సమంగా నిలిచేది సంఘం షాట్. తమకు తగినది ఈ చివరిదేనని వారు తేల్చుకోవడంలో ఒక సంపూర్ణ కళా సిద్ధాంతం ఉంది, దానిని విశ్వవిద్యాలయాలలోని సౌందర్యశాస్త్రంతో సమానంగా చదవవలసి ఉంది. పురుగును తట్టుకునేలా బాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి లభించగా, వారు వరంగల్ జిల్లాలోని రైతులను నెల తరువాత నెల కలుస్తూ, ఆశ నష్టంగా మారిన క్రమాన్ని చిత్రీకరించి 2003లో సినిమాగా విడుదల చేశారు. కంపెనీల ప్రచారానికి అది రైతుల నోటి నుంచే వచ్చిన జవాబు.

మళ్లీ షోలాపూర్‌కు వస్తే, అక్కడి బీడీ కార్మిక స్త్రీలు దీర్ఘ పోరాటంతో నగర శివార్లలోని కుంభారి వద్ద సాధించుకున్న 10,000 ఇళ్ల కాలనీకి కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుంది. ఆ పోరాటాన్ని, పొగాకు ధూళిలో సాగే ఆ పనిని సంఘం షాట్‌లో, తెలుగులోనూ మరాఠీలోనూ, ఆ ఇళ్ల స్త్రీలే తీయగలిగేలా కెమెరా, శిక్షణ అందించవలసిన బాధ్యత కార్మిక సంఘాలపైనా పద్మశాలి సంస్థలపైనా ఉంది.