ప్రేరణ - లోకసంగ్రహము : పాలమూరు చేతిపనుల నేపథ్యంలో ఒక పరిశీలన

క్రియయందు స్వతంత్రుడైన వానిని పాణిని కర్త అన్నాడు. ఆ కర్తను పనికి పురికొల్పువానికి హేతువని పేరు పెట్టి, అతనికి సైతం కర్తృత్వాన్ని అంగీకరించాడు. తెలుగు వ్యాకరణంలో ఇది ప్రేరణార్థకం. 'నేయు' ధాతువుపై 'ఇంచు' చేరగా 'నేయించు' అవుతున్నది. 'షావుకారు నేతగానిచేత చీర నేయించెను' అన్న వాక్యంలో కర్తలు ఇద్దరు. షావుకారు ప్రయోజకుడు, నేతగాడు ప్రయోజ్యుడు. ప్రయోజ్యునికి తృతీయా విభక్తి వచ్చింది. కాగా సంస్కృతంలో అదే తృతీయ కరణానికి, అనగా సాధనానికి కూడా చెల్లుతుంది. పనిచేయువాడు కర్తయా, లేక మగ్గము వంటి కరణమా? ఇరవయ్యవ శతాబ్దపు నిర్వహణశాస్త్రం పడిన తర్జనభర్జన చాలావరకు ఈ ప్రశ్నను గూర్చినదే.

1911లో టేలర్ ప్రతిపాదించిన శాస్త్రీయ నిర్వహణ కార్మికుని ఇంచుమించు కరణంగానే చూచింది. పనిని తునకలుగా కొలిచి, కొలతకు తగిన కూలి ఇస్తే చాలునని దాని భావన. 1943లో మాస్లో మానవుని అవసరాలను మెట్లుగా అమర్చి, ఆకలి మొదలు ఆత్మసాక్షాత్కారం వరకు ఒక క్రమాన్ని చూపాడు. హెర్జ్‌బర్గ్ 1959లో జీతము, పని పరిస్థితులు అసంతృప్తిని తొలగించగలవే గాని ఉత్సాహాన్ని పుట్టింపలేవనీ, సాధన, గుర్తింపు, బాధ్యత అనునవే ఆ పని చేయగలవనీ అన్నాడు. మెక్‌గ్రెగర్ 1960లో ఎక్స్, వై అని రెండు దృష్టులను వేరుచేశాడు. మనిషి సహజంగా సోమరియని నమ్మువాడు అదలించి పనిచేయిస్తాడు. బాధ్యతను కోరుకొనేవాడని నమ్మువాడు పనిని అతని కప్పగిస్తాడు. ఇవన్నీ ఒక వ్యక్తి అంతరంగం నుండే బయలుదేరుతున్నవి.

భగవద్గీత తృతీయాధ్యాయం బయలుదేరు చోటు వేరు. అక్కడ మొదట ఉన్నది వ్యక్తి కాదు, యజ్ఞచక్రం. దేవతలు, మనుష్యులు ఒకరినొకరు పోషించుకొనుటవలన ఉభయులకు శ్రేయస్సు కలుగునని, పొందినదానిని తిరిగి అర్పింపక అనుభవించువాడు దొంగయని ఆ ప్రకరణ తాత్పర్యం. దాని కొనసాగింపే లోకసంగ్రహ భావన. లోకం దారి తప్పకుండా నిలుపుటయే లోకసంగ్రహమని శంకరులు వివరించారు. 1915లో వెలువడిన గీతారహస్యంలో తిలక్ ఈ పదానికి విశేష ప్రాధాన్యమిచ్చారు. గమనింపదగినదేమనగా, లోకసంగ్రహోపదేశానికి ఉదాహరణగా గీత చూపినవాడు జనకుడు, ఒక రాజు. వినుచున్నవాడు క్షత్రియుడు. శ్రేష్ఠుడు ఆచరించినదానినే ఇతరులు అనుసరింతురన్న మాట కూడ అక్కడిదే. కనుక ఇది ప్రధానంగా ప్రయోజకునికి చెప్పిన ధర్మం. ఫలాపేక్ష లేక పనిచేయవలెనన్న ఉపదేశాన్ని నేటి కొన్ని నిర్వహణ ప్రసంగాలు కూలివానికి మాత్రమే వినిపించుట గ్రంథానికి న్యాయం కాదు. దక్షిణ లేని యజ్ఞాన్ని గీతయే పదునేడవ అధ్యాయంలో తామసమన్నది.

హిందూ ధర్మభావన ఆర్థిక సాధనకు అడ్డమన్న అభిప్రాయం మాక్స్ వెబర్ కాలంనుండి పాశ్చాత్యులలో ఉన్నది. సాధనాప్రేరణను గూర్చి 1961లో గ్రంథం వెలువరించిన మెక్లెలాండ్ ఆ ప్రేరణను శిక్షణతో పెంపొందింపవచ్చునని నిరూపింపదలచి, 1964లో కాకినాడ వ్యాపారులను ఎన్నుకొన్నాడు. హైదరాబాదులోని చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో వారికి తరగతులు జరిగాయి. కులముగాని, సంప్రదాయ విశ్వాసాలుగాని శిక్షణ ఫలించుటకు ఆటంకం కాలేదని తేలింది. వెబర్ వాదానికి తెలుగునేల ఇచ్చిన సమాధానమిది. అయితే ఆ ప్రయోగం పరీక్షించినది నేయించువారి ప్రేరణను. నేయువారి సంగతికై కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు, దాని పొరుగు సీమలకు రావలసి ఉన్నది.

గద్వాల, వనపర్తి సంస్థానాలు, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం రాజధానిగా వెలసిన జటప్రోలు సంస్థానం సంస్కృతాంధ్ర పండితులను పోషించినవి. గద్వాలను విద్వద్గద్వాల అని వ్యవహరించేవారు. ఆ సీమయే పాలమూరు కూలీలకు పుట్టినిల్లు కూడ. గుంపు మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానాకు కట్టుబడి, కుటుంబాలతో ఊళ్లు విడిచి, దేశమంతట ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోసినవారు వారు. వారి వెనుక ప్రేరణగా నిలిచినది అప్పు. మాస్లో చెప్పిన మొదటి మెట్టు దగ్గరనే జీవితకాలం గడిచినవారికి పై మెట్లను వర్ణించి ప్రయోజనమేమి? అదే ఊళ్లలో ఒకరి చేనికి ఒకరు బదులు పోయి కలుపులు, కోతలు ముగించుకొనే వాడుక ఉండేది. అందులో మేస్త్రీ లేడు, బయానా లేదు. నేడు నా చేను, రేపు నీ చేను. యజ్ఞచక్రాన్ని గ్రంథంలో చదువని రైతులు దానిని నడిపినారనవచ్చు.

గద్వాల చీర విషయం మరింత సూక్ష్మం. చీర నడిభాగం నూలు, అంచు, కొంగు పట్టు. నూలు పడుగుకు పట్టు అంచును నేతలోనే ముడివేయు పద్ధతిని కుప్పడమంటారు. అంచు పోగును, నడిమి పోగును ప్రతి వరుసలోను కలుపవలసి ఉన్నందున ఒక్కచేతి పని కాదు. సాధారణంగా ఇద్దరు కూర్చొని నేస్తారు. రెండవవారు తరచు ఇంటి ఇల్లాలో, పనినేర్చుకొను పిల్లవాడో అయి ఉంటారు. మజూరి మాత్రం చీరకు ఇంత అని లెక్క. షావుకారు నూలు, పట్టు, జరీ ఇచ్చి, నేసిన చీర తీసుకొని, ఆ మజూరి చెల్లిస్తాడు. అది ఒక మనిషి చేతికి అందుతుంది. హెర్జ్‌బర్గ్ చెప్పిన గుర్తింపు ఊరి పేరుకు దక్కింది, నేసినవాని పేరు చీరపై ఉండదు. రెండవ చేతికి విభక్తి కూడ లేదు.

ఉమ్మడి పనిలో వాటాల ప్రశ్నను ధర్మశాస్త్రం వదలిపెట్టలేదు. 'సంభూయ సముత్థానం' అను వ్యవహారపదం దానికై ఏర్పడినది. మనువు అందులో యజ్ఞదక్షిణను దృష్టాంతంగా తీసుకొన్నాడు. పదునారుగురు ఋత్విజులకు నూరు గోవులను పంచవలసి వచ్చినప్పుడు ముఖ్యులు నలువురికి ఒక్కొక్కరికి 12, తరువాతి నలువురికి 6, ఆపై 4, చివరి నలువురికి 3 చొప్పున చెందునని వ్యాఖ్యాతలు లెక్కగట్టారు. యజ్ఞఫలం యజమానునిది. నేడు పనియిచ్చువానిని తెలుగువారు యజమాని యనుట ఆ మాటనుండియే. ఫలం అతనిదైనను చివరి ఋత్విజుని వాటా లెక్క తప్పదు. యాజ్ఞవల్క్యుడు ఈ విధిని కర్షకులకు, చేతిపనివారికి కూడ విస్తరింపజేశాడు. ఆయన స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను పదమూడవ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరముగా తెనిగించాడు. శిల్పుల విషయంలో స్మృతులు ఇంకను స్పష్టంగా ఉన్నవి. నేర్చుకొనువానికి ఒకటి, తెలిసినవానికి రెండు, నిపుణునికి మూడు, ఆచార్యునికి నాలుగు భాగాలు. ఈ లెక్క ప్రకారం అయిజ, రాజోలి, కొత్తకోట, అమరచింత మగ్గాలపై చీర మజూరిని పంచితే, పక్కన కూర్చొని అంచు నాడె అందించు పిల్లవానికి, లేదా ఇల్లాలికి, కనీసం ఒక భాగం వారి పేరుననే వ్రాయవలసి వస్తుంది.