గొంతు ఒకరిది, బండి ఒకరిది

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఎల్.బి.నగర్‌లోని మా వీధికి ఉల్లిగడ్డల బండి వస్తుంది. బండిమీద చిన్న మైకు, అందులోనుంచి కేక. మొన్న ఆ కేక వీధి దాటిన పది నిమిషాలకే మళ్ళీ వినిపించింది. అదే గొంతు, అదే సాగదీత, మధ్యన ఊపిరి పీల్చుకోవడంకూడా అదే చోట. మా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, "ఇందాకే వద్దన్నానుగదయ్యా, మళ్ళీ వచ్చావేం?" అన్నది.

"ఇందాక పోయింది నేను గాదమ్మా, వేరే బండి" అన్నాడతను.

రెండు బళ్ళకూ గొంతు ఒకటే! ఎవరిదయ్యా అని నేనడిగితే, "మైకు కొన్న దుకాణంల కార్డులో ఎక్కించి ఇచ్చిన్రు సార్, ఎవరిదో నాకేమెరుక?" అన్నాడు.

వెనక కూరగాయలమ్మినీ, పూలమ్మినీ, పాతసామాన్ల అతన్నీ మొహం చూడకుండానే పోల్చుకునేవాళ్ళం. ఆ మాటే కొంచెం విచారంగా అన్నాను. అతను నవ్వి, "దినమంతా ఒర్రి ఒర్రి రాత్రికి గొంతుల బువ్వ దిగకపోయేది సార్" అన్నాడు. నేనిక మాట్లాడలేదు. ఎండలో బండి తోసేవాడి గొంతుకు విశ్రాంతి దొరికితే, కుర్చీలో కూర్చుని విచారించడానికి నేనెవణ్ణి?

అయినా మనిషినుంచి గొంతు విడిపోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు పట్టాడు. గంటలకొద్దీ సాగగల రాగాన్ని ఆమె మూడు నిమిషాలకు కుదించవలసి వచ్చింది. పళ్ళెంలో వున్న చోటు అంతే మరి. పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. ఆ రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళకు తెలియాలి గదా! ఆమె పని నయం. మా ఉల్లిగడ్డల గొంతుకు పేరే లేదు.

పేరు చెప్పనక్కరలేని గొంతు మన తెలుగువాళ్ళకొకటి వున్నది. ఘంటసాలగారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన పాడిన భగవద్గీత, శ్లోకాలు, వెంట తెలుగు తాత్పర్యం, ఇంటింటికీ చేరింది. నిజానికది పొద్దున్నే స్నానంచేసి వినవలసిన వస్తువు. కాని కాసెట్లు చౌకయ్యాయి, మైకులు అద్దెకు దొరికాయి. చావు యింట కూర్చుని గీత చదివేవాళ్ళు తగ్గిపోయారు. క్రమంగా అది వైకుంఠ రథం ఎక్కింది. ఏ శాస్త్రమూ చెప్పలేదు, ఎవరూ తీర్మానించలేదు. మా పక్కవాటా పెద్దమనిషి ఒక ఏకాదశినాడు తెల్లవారుజామున భక్తిగా ఆ గీత పెట్టుకున్నారు. ఆరున్నర కాకుండానే యిద్దరు పొరుగువాళ్ళు భుజాన తుండుగుడ్డలతో తలుపు తట్టారు. ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి తలుపు తీసేసరికి, పాపం, వాళ్ళకేమనాలో తోచలేదు.

నా దగ్గరా ఒక గొంతు వున్నది. 1986లో మా చెల్లెలి పెళ్ళినాడు అమ్మ పాడిన మంగళహారతి. అమ్మ పోయి యిరవై ఏళ్ళు దాటింది. కాసెట్టులో టేపు యిరుక్కుపోయి చాలాకాలంగా బీరువాలో పడివున్నది. దాన్ని ఫోనులోకి ఎక్కించే కుర్రవాడు దిల్‌సుఖ్‌నగర్‌లో వున్నాడని తెలిసి మెట్రో ఎక్కాను. 2018 సెప్టెంబరులో మా ఎల్.బి.నగర్ దాకా ఆ రైలు వచ్చింది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగరే. పెట్టెనిండా మనుషులు, ఎవరి చెవిలో వారి కచేరీ. 1957లో మొదలైన వివిధభారతికి యింటికల్లా ఒకటే రేడియో. అత్తగారికి నచ్చింది కోడలూ వినవలసిందే. ఆ బాధ తప్పిందని సంతోషించే కోడళ్ళను నేనెరుగుదును.

కుర్రవాడు కాసెట్టు మరలు విప్పి, టేపు చుట్టలు రెండూ జాగ్రత్తగా ఎత్తి మరో డొల్లలో అమర్చాడు. అరగంట టేపుకు అరగంటా పట్టవలసిందే. పాడుతూవుంటేనే కంప్యూటరులోకి ఎక్కుతుంది. గరగరమని, తరువాత అమ్మ వచ్చింది! వెంట వంటింట్లో కుక్కరు కూత, చరణం అందిస్తూ మేనత్త గొణుగుడు, మధ్యలో నాన్నగారి దగ్గు.

"యీ చప్పుళ్ళన్నీ తీసేస్తా అంకుల్. పాటొక్కటే నీట్‌గా వస్తది" అంటూ కుర్రవాడు మీటమీద వేలు పెట్టాడు.

"ఆగు బాబూ!" అన్నాను, కాస్త గట్టిగానే.

నాన్నగారి గొంతు మా దగ్గర మరెక్కడా లేదు. ఆ దగ్గే వున్నది. అతను అట్లాగే వుంచాడు. ముసలి చాదస్తం అనుకున్నాడు కాబోలు.

యింటికొచ్చి అందరికీ వినిపించాను. మా మనవరాలు కొంతసేపు విని, "తాతయ్యా, తాతమ్మ తప్పు పాడిందా?" అన్నది. ఆ పిల్ల నేర్చుకున్నది యూట్యూబులో. అందులో దిగేచోట మా అమ్మ పైకి వెళుతుంది. అది అమ్మకు వాళ్ళమ్మ నేర్పిన బాణీ. ఊరూరికీ, యింటింటికీ ఒక బాణీ వున్న రోజుల్లో యిందులో తప్పేమిటో ఎవరికీ తోచేది కాదు. యిప్పుడు లక్షలమంది విన్నదే ఒప్పయి కూర్చున్నది. ఆ మాటే చెప్పాను. పిల్లకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు.

కాని నిన్న సాయంత్రం దీపం పెట్టేవేళ వంటింట్లో పాట వినిపించింది. రెండో చరణం దగ్గర పైకి వెళ్ళబోయి, అందక ఆగి, ఫోను మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నది. కుక్కరు కూసింది. అది టేపులోదో, మా పొయ్యిమీదిదో చూసిరమ్మని మా ఆవిడ నన్ను తరిమింది.

కాసెట్టు రెండో వైపు యింకా ఎక్కించనేలేదు. ఆదివారం మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలి.