ఐదో నంబరు జెర్సీ ఊరు మారిన వేళ

2022 మార్చి 14. అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథొపోలస్ విలేకరుల ముందు కూర్చున్నారు. నిజానికి ఆయన చెప్పాల్సింది మంచి వార్తే. ఓక్లాండ్ జట్టు నుంచి మాట్ ఓల్సన్ అనే గట్టి ఆటగాణ్ణి తెచ్చుకున్నామని చెప్పాలి. కానీ మాట పెగల్లేదు. కళ్లు చెమర్చాయి. ఇంత కష్టమైన నిర్ణయం తానెప్పుడూ తీసుకోలేదన్నారు.

ఎందుకంటే ఓల్సన్ ఆడేది ఫస్ట్ బేస్‌లో. పదేళ్లకు పైగా ఆ చోటు ఫ్రెడ్డీ ఫ్రీమన్‌ది. ఓల్సన్ వచ్చాడంటే ఫ్రీమన్ ఇక రాడనే అర్థం. రెండు మూడు రోజుల్లోనే ఫ్రీమన్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఆరేళ్లకు 16.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు.

అంతకు నాలుగు నెలల ముందే, 2021 నవంబరు 2న, బ్రేవ్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 1995 తర్వాత మళ్లీ అప్పుడే. హ్యూస్టన్‌లో జరిగిన ఆ ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి బంతిని షార్ట్‌స్టాప్ డాన్స్‌బీ స్వాన్సన్ విసిరితే, ఫస్ట్ బేస్ దగ్గర అందుకున్నది ఫ్రీమనే. అట్లాంటా ఊరంతా ఊరేగింపు చూసింది. ఆ సంబరం ఇంకా చల్లారకముందే ఈ కబురు.

అట్లాంటా ఉత్తర శివార్లలో స్థిరపడ్డ వేలాది తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నేను, ఇక్కడే పుట్టి పెరుగుతున్న మా అమ్మాయి పుణ్యమా అని బేస్‌బాల్‌కి అలవాటు పడ్డాను. తనకు ఐదో నంబరు జెర్సీ ఉంది. అది ఫ్రీమన్ నంబరు. ఆ రోజు బడి నుంచి రాగానే అడిగింది: "నాన్నా, మనవాళ్లు గెలిచారుగా. గెలిపించినవాణ్ణి ఎవరైనా పంపించేస్తారా?"

అప్పుడేదో సర్దిచెప్పాను. అసలు జవాబు మాత్రం ఆ తర్వాత కొన్నేళ్లకు గానీ కుదురుకోలేదు.

చలిమంట చుట్టూ కబుర్లు

మార్చి చివర్లో మొదలయ్యే బేస్‌బాల్ సీజన్ సెప్టెంబరు దాకా సాగుతుంది. ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆర్నెల్లపాటు దాదాపు ప్రతి రాత్రీ ఆటే. మన దగ్గర రాత్రి భోజనాల వేళకి టీవీలో సీరియల్ నడుస్తున్నట్టు, ఇక్కడ చాలా ఇళ్లలో బేస్‌బాల్ నడుస్తుంటుంది. కళ్లార్పకుండా చూడక్కర్లేదు. అన్నం తింటూ, బట్టలు మడతపెడుతూ, పిల్లల హోంవర్క్ చూస్తూ చూడొచ్చు. అలా చూడగా చూడగా ఆటగాడు ఇంటి మనిషైపోతాడు.

ఫ్రీమన్ విషయంలో ఇది మరీ నిజం. 2018లో 162 మ్యాచ్‌లకు 162 ఆడాడు. ఫస్ట్ బేస్‌కి చేరిన అవతలి జట్టు ఆటగాడితో కూడా నవ్వుతూ ముచ్చట్లు పెడతాడు. కౌగిలింతలకు మరీ ప్రసిద్ధి. పదేళ్ల వయసులో తల్లిని చర్మ క్యాన్సర్‌తో పోగొట్టుకున్నాడు, ఆమె గుర్తుగా మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కాతోనే ఆడతాడు. 2020లో కొవిడ్‌తో నూటనాలుగు దాటిన జ్వరం పడి లేచి, అదే ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఇవన్నీ ఇక్కడి పిల్లలకు కంఠతా వచ్చు.

సీజన్ అయిపోయాక వచ్చే చలికాలాన్ని అమెరికాలో 'హాట్ స్టవ్' కాలం అంటారు. వెనకటి రోజుల్లో మంచు కురుస్తుంటే జనం పొయ్యి చుట్టూ చేరి, వచ్చే ఏడాది ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అని లెక్కలేసుకునేవాళ్లట. మన పల్లెల్లో చలిమంట కాచుకుంటూ రాజకీయాలు మాట్లాడుకున్నట్టన్నమాట. ఆట లేని ఆ నాలుగైదు నెలల్లోనే జట్టు తలరాత తేలుతుంది.

వేలంపాట లేదు, బేరముంది

మనకు ఐపీఎల్ పద్ధతి తెలుసు. మూడేళ్లకోసారి మెగా వేలం. నలుగురైదుగురిని అట్టిపెట్టుకుని మిగతావాళ్లను వదిలేస్తారు. బేస్‌బాల్‌లో అలాంటి వేలం లేదు. ఆటగాడు మేజర్ లీగ్‌లో ఆరేళ్లు పూర్తిచేస్తే, ఒప్పందం ముగిశాక 'ఫ్రీ ఏజెంట్' అవుతాడు. ఇష్టమైన జట్టుతో బేరమాడుకోవచ్చు. ఆ ఆరేళ్లూ గడిచేదాకా మాత్రం అతని మీద హక్కు జట్టుదే. కావాలంటే అతణ్ణి వేరే జట్టుకిచ్చి బదులుగా వేరేవాళ్లను తెచ్చుకోవచ్చు. దాన్నే ట్రేడ్ అంటారు.

ఫ్రీమన్ 2014లో ఎనిమిదేళ్లకు 13.5 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. 2021తో అది ముగిసింది. అప్పటికి అతనికి 32 ఏళ్లు. బ్రేవ్స్ ఐదేళ్లు ఇస్తానంటే ఫ్రీమన్ ఆరేళ్లు కోరాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. పైగా ఆ శీతాకాలమే యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ పేచీ వచ్చి లాకౌట్ పడింది. డిసెంబరు 2 నుంచి మార్చి 10 దాకా జట్లు ఆటగాళ్లతో మాట్లాడటానికే వీల్లేదు. తాళం తెరుచుకున్న నాలుగో రోజునే బ్రేవ్స్ తన దారి తను చూసుకుంది.

ఒక్క ఏడాది తేడాకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. కానీ ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లకు ఆ ఒక్క ఏడాదే అసలు ప్రశ్న. ఆరో ఏడు వచ్చేసరికి ఫ్రీమన్‌కు 37 నిండుతాయి. అంత వయసులో ఏడాదికి 2.7 కోట్ల డాలర్లంటే, అది నిన్నటి ఆటకు రేపు కట్టే మూల్యం. ఓల్సన్‌కి అప్పుడు 27. తెచ్చుకున్న మర్నాడే అతనితో ఎనిమిదేళ్లకు 16.8 కోట్లకు, అంటే ఏడాదికి 2.1 కోట్లకు రాయించుకున్నారు. వయసు తక్కువ, ధర తక్కువ, ఏళ్లు ఎక్కువ. ఏ కాలిక్యులేటర్‌ని అడిగినా ఇదే చెబుతుంది. పైగా ఓల్సన్ జార్జియా కుర్రాడే. అయితే అతని కోసం ఓక్లాండ్‌కి నలుగురు కుర్ర ఆటగాళ్లను ఇచ్చుకోవాల్సి వచ్చింది.

అభిమానికి కాలిక్యులేటర్ ఉండదు. ఉన్నదల్లా జ్ఞాపకం. జట్టు రాబోయే ఎనిమిదేళ్లు లెక్కపెడుతుంటే, అభిమాని గడిచిన పదేళ్లు లెక్కపెడతాడు. ఇద్దరూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ, ఖాతాలు వేరు.

తిరిగొచ్చిన రాత్రి

2022 జూన్ 24న డాడ్జర్స్ ఆటగాడిగా ఫ్రీమన్ మళ్లీ అట్లాంటాలో అడుగుపెట్టాడు. మ్యాచ్‌కి ముందు విలేకరుల సమావేశంలో మాటలు రాక ఏడ్చేశాడు. మైదానంలో అతనికి 2021 విజేతల ఉంగరం అందించారు. వంటి మీద డాడ్జర్స్ జెర్సీ, చేతిలో బ్రేవ్స్ ఉంగరం. ట్రూయిస్ట్ పార్క్‌లో జనమంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. టీవీలో చూస్తున్న మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

అత్తారింటి నుంచి తొలిసారి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా ఉన్నాడు పాపం అని మా ఆవిడ అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. తన గది ఇంకొకరిదైంది. ఆ ఇంకొకరి మీద కోపం లేదు. అయినా గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోతాయి.

హైదరాబాద్ అభిమానులకు ఇది కొత్తేం కాదు. డేవిడ్ వార్నర్ గుర్తున్నాడు కదా. 2016లో 848 పరుగులు కొట్టి, కెప్టెన్‌గా సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిపెట్టాడు. లాక్‌డౌన్‌లో తెలుగు పాటలకు ఇంటిల్లిపాదితో స్టెప్పులేసి మనవాడైపోయాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, ఆ తర్వాత జట్టులో చోటే పోయింది. మరుసటి ఏడు ఢిల్లీ అతణ్ణి 6.25 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఆ మే నెలలో సన్‌రైజర్స్ మీదే 92 నాటౌట్‌గా చెలరేగాడు. అవతలి జట్టు ఆటగాడు కొడుతుంటే లోపల్లోపల ఆనందపడ్డ తెలుగువాళ్లు ఎంతమందో! ఫ్రీమన్ తిరిగొచ్చిన రాత్రి అట్లాంటాది అదే పరిస్థితి.

లెక్క తప్పిందా?

పోనీ, ఎవరు చెప్పింది నిజమైంది? ఓల్సన్ 2023లో 54 హోమ్ రన్లు బాదాడు. బ్రేవ్స్ చరిత్రలో ఒక సీజన్‌కి అదే రికార్డు. ఆ ఏడు జట్టు 104 మ్యాచ్‌లు గెలిచింది. కాలిక్యులేటర్ తప్పు చెప్పలేదు. కానీ 2022లోనూ, 2023లోనూ ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది.

ఇక ఫ్రీమన్? 2024 అక్టోబరు 25న, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, పదో ఇన్నింగ్స్‌లో, చీలమండ బెణికిన కాలితోనే బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. బేసులు నిండి ఉండగా ఒక్క దెబ్బతో మ్యాచ్ ముగించడం వరల్డ్ సిరీస్ చరిత్రలో అదే మొదటిసారి. న్యూయార్క్ యాంకీస్ మీద డాడ్జర్స్ కప్పు గెలిచింది, సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. మరుసటి ఏడు టొరంటో మీద పద్దెనిమిది ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్‌కి హోమ్ రన్‌తో తెరదించిందీ అతనే. డాడ్జర్స్ మళ్లీ గెలిచింది. ముప్పై ఆరేళ్ల వయసులో.

అంటే జట్టు లెక్క కరెక్టే, అభిమాని బెంగా కరెక్టే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలన్న రూలేం లేదు.

పాతకాలపు విధేయత

ఆ శీతాకాలంతో వలస ఆగలేదు. 2022 డిసెంబరులో స్వాన్సన్ 17.7 కోట్ల డాలర్లకు చికాగో కబ్స్‌కి వెళ్లాడు. అతనూ జార్జియా బిడ్డే. అంటే ఆ ఆఖరి బంతి విసిరినవాడూ, పట్టుకున్నవాడూ పదమూడు నెలల్లో వెళ్లిపోయారు. ఆ రాత్రి బౌలింగ్ మొదలుపెట్టిన మ్యాక్స్ ఫ్రీడ్ 2024 డిసెంబరులో 21.8 కోట్లకు యాంకీస్‌లో చేరాడు. ప్రతిసారీ వినిపించే మాట ఒకటే: "ఈ రోజుల్లో విధేయత ఎక్కడుంది? పాతకాలం ఆటగాళ్లు అలా కాదు."

ఇక్కడే నాకు కర్ట్ ఫ్లడ్ గుర్తొస్తాడు. సెయింట్ లూయీ కార్డినల్స్‌లో పన్నెండేళ్లు ఆడిన గొప్ప ఆటగాడు. 1969లో అతణ్ణి ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేశారు. వెళ్లనన్నాడు. కొనడానికీ అమ్మడానికీ తాను సరుకు కాదని కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. అప్పటి నిబంధన ప్రకారం ఒక జట్టులో చేరిన ఆటగాడు, ఆ జట్టు వదిలితే తప్ప జీవితాంతం దాని సొత్తే. ఫ్లడ్ కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆట కూడా పోయింది. కానీ అతను తట్టిన తలుపు 1975లో తెరుచుకుంది. ఒప్పందం ముగిసిన ఆటగాడికి స్వేచ్ఛ దొరికింది. పదేళ్లు ఆడి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతని ఇష్టం లేకుండా ట్రేడ్ చేయకూడదన్న నియమం కూడా ఆ కాలంలోనే వచ్చింది.

కాబట్టి పాతకాలపు విధేయతలో చాలా భాగం కట్టుగొయ్యకు కట్టేసిన విధేయత. ఆవు పారిపోలేదని మెచ్చుకునేముందు పలుపుతాడు చూడాలి. ఆ తాడైనా ఇటువైపు నుంచే గట్టిది. ఆటగాడు పోలేడు గానీ, జట్టు ఎప్పుడైనా పంపేయగలదు. బ్రేవ్స్ తరఫున 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు బద్దలుకొట్టిన హాంక్ ఆరన్‌ని, అదే 1974లో, సీజన్ అయ్యీ అవగానే మిల్వాకీ జట్టుకి పంపేశారు. ఆ మిల్వాకీ కథ ఇంకా చిత్రం. బ్రేవ్స్ పుట్టింది బోస్టన్‌లో. 1953లో మిల్వాకీ వెళ్లింది, 1966లో అట్లాంటా వచ్చింది. ఆటగాళ్లు జట్టును వదిలారని మనం బాధపడుతున్నాం గానీ, ఈ జట్టే రెండు ఊళ్లను వదిలొచ్చింది.

ఇదంతా మా అమ్మాయికి ఇప్పుడు చెప్పగలను. పంపించేశారా అంటే కొంత పంపించారు, కొంత తనే వెళ్లాడు. వెళ్లగలిగే హక్కు కోసం ఒకడు తన ఆటనే పోగొట్టుకున్నాడు. మనకు కలిగిన బాధ ఆ హక్కుకు మన వంతు చెల్లింపు. ఏడవడం తప్పు కాదు, ద్రోహి ఎవడని వెతకడమే దండగ.

తను జెర్సీ మార్చలేదు. పొట్టిదైపోయినా ఐదో నంబరే వేసుకుంటుంది. మా పక్కింటి బాబుకి ఆరేళ్లు. మొన్న దాన్ని చూసి, డాడ్జర్స్ ఫ్రీమన్ పేరు బ్రేవ్స్ చొక్కా మీద ఎందుకుందని అడిగాడు. వాడి వీపు మీద 28 ఉంది. అది ఓల్సన్ నంబరు. వాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఫస్ట్ బేస్ ఓల్సన్‌దే.