పల్నాటి పత్తి - పొరుగూరి బట్ట

శ్రీనాథునిదని లోకమున వ్యాపించిన చాటువొకటి పల్నాటిని ఎద్దేవ చేయుచు, ఈ సీమలో ఎంతటి సుందరికైనను నూలు వడకుట తప్పదని ఎత్తిపొడిచినది. రసికునకు రుచింపని ఆ విషయమే నేడు మనకు చక్కని సాక్ష్యమైనది. పత్తి పండిన ఊరనే దూది ఏకబడెడిది. ఏకిన ఇంటనే నూలు తీయబడెడిది. ఇప్పుడన్ననో మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల రైతు పత్తిని పండించి, తూచి, అమ్మి, ఆపై ఎక్కడనో నేసి కుట్టిన చొక్కాను అంగడిలో కొని తెచ్చుకొనుచున్నాడు. నడుమ జరుగు తంతు ఎట్టిది, అందెవరి పాలెంత యను లెక్క మన పాఠకులు తెలిసికొనదగియున్నది.

నూఱు కిలోల గింజపత్తిని జిన్నింగు మిల్లునకు పంపినచో సుమారు 34 కిలోల దూది వచ్చును. తక్కినదానిలో అత్యధికభాగము గింజ. అది నూనెకును చెక్కకును పోవును. దూదిని 170 కిలోల బేళ్లుగ అదుముదురు. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ కనిపెట్టిన యంత్రము పండ్లతో దూదిని గింజనుండి లాగెడిది. మన మిల్లులలో హెచ్చుగ నున్నవి తోలు తొడిగిన రెండు రోలర్ల యంత్రములు. ఇవి మందముగ నడచును గాని పోగును అంతగా తెంపవు. పొడుగు పింజ పత్తికి ఇదియే మేలు.

బేలు స్పిన్నింగు మిల్లు చేరిన పిదప జరుగునది మన అవ్వలెఱిగిన పనియే. వేగము మాత్రమే వేఱు. దూదిని విప్పి, గాలికి చెదరగొట్టి, చెత్త రాల్తురు. కార్డింగు యంత్రము సన్నని ఉక్కుముండ్లతో పోగులను విడదీసి, దువ్వి, తాడువంటి ఏకుగ వదలును. దూదేకులవాని వింటి నారి చేసిన పని కొంతయు, అవ్వ చేతి దువ్వెన చేసిన పని కొంతయు ఇందున్నవి. పిమ్మట ఏకులను ఆఱెనిమిదింటిని జతచేసి లాగుదురు. ఒకదాని సన్నము ఇంకొకదాని లావుతో సరిపడిపోవును. తుదకు రింగు ఫ్రేమున నిమిషమునకు 15,000 చుట్లకు పైగా తిరుగు కదురు పురి పెట్టును. నూలు నంబరనగా, ఒక పౌను బరువునకు 840 గజముల చిలపలెన్ని తూగునో ఆ సంఖ్య. అనగా 40వ నంబరు నూలు పౌనునకు 33,600 గజములు. రాట్నము ముందు కూర్చున్నవారికి ఈ అంకె అర్థమగును.

ఇక పాళ్ల మాట. ఆ 34 కిలోల దూదిలో పదవవంతు తరుగు పోగా సుమారు 30 కిలోల నూలు మిగులును. చొక్కాకు పావుకిలో బట్ట చొప్పున 120 చొక్కాలు కాగలవు. 2025-26 పంటకాలమునకు పొడుగు పింజ పత్తికి కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. ఆ ధర యావత్తు దక్కినదనియే అనుకొందము. చొక్కా ఒక్కింటికి రైతునకు ముట్టునది 70 రూపాయలకు లోపే. అందులోనే గింజవెలయు, విత్తనము, ఎరువు, పురుగుమందు, కోతకూలి సమస్తమును అణగియున్నవి. దుకాణమున ఆ చొక్కా దానికి అనేక రెట్లు పలుకును. ఆ వ్యత్యాసమంతయు నేత, అద్దకము, కుట్టు, అమ్మకములలో పుట్టునది.

ఈ పనులలో నూలు వడకుట వఱకు మన ప్రాంతమునకు దక్కినది. చిలకలూరిపేట, గుంటూరు పరిసరముల స్పిన్నింగు మిల్లులు పనిచేయుచున్నవి. కాని నూలులో పెద్దపాలు కోనులకెక్కి బయటి మగ్గములకు తరలిపోవుచున్నది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లాయైనది. మఱుసటి సంవత్సరము కేంద్రము దేశమున ఏడు మహా వస్త్రోద్యానములను ప్రకటింపగా ఓరుగల్లునకు ఒకటి లభించినది. ఆంధ్రప్రదేశమునకు ఒక్కటియు లేదు. మువ్వన్నెల జెండాకు మూలరూపము నిచ్చిన పింగళి వెంకయ్యగారు కంబోడియా పత్తిపై కృషిచేసి 'పత్తి వెంకయ్య'యని పేరుగాంచిన తెలుగునేలకు ఇది మింగుడుపడని విషయము. ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని 1921లో తీర్మానము జరిగినది మన బెజవాడలోనే.

పరాయి ప్రభుత్వము 1896లో మన మిల్లుబట్టపై నూటికి మూడున్నర వంతున సుంకము వేసి లాంకషైరును కాచినది. అది తొలగుటకు 1925 వఱకు వేచియుండవలసివచ్చినది. స్వప్రభుత్వము 2025 ఆగస్టు 19 మొదలు డిసెంబరు 31 వఱకు విదేశపు దూదిపై నూటికి 11 వంతుల దిగుమతి సుంకమును ఎత్తివైచినది. రెంటిని ఒక్క గాట కట్టుట అన్యాయమే. మిల్లులకు చౌక దూది కావలెననుట నిజము. అమెరికా సుంకములచే దెబ్బతిన్న ఎగుమతిదారుల గోడును నిజమే. అయినను పల్నాటి చేలలో పత్తి విచ్చు వేళకే ఆ తలుపు తెరచియుండుట రైతున కెట్లు తోచియుండునో ఢిల్లీవారు యోచింపవలసియుండెను.

పత్తికి పోటీదారు విదేశపు పత్తి యొక్కటియే కాదు. 1941లో ఇంగ్లాండున విన్‌ఫీల్డు, డిక్సనులు కనిపెట్టిన పాలియెస్టరు నేడు ప్రపంచపు పోగులలో సగమునకు మించినది. పత్తి నాలుగవవంతునకు లోబడినది. చమురునుండి పుట్టిన ఆ పోగు వానకు తడియదు, పురుగునకు చిక్కదు. దానితో మన పత్తి నిలువవలెనన్న శుభ్రతయే దిక్కు. ఇందు భూస్వాముల చేతిలోనిదే ఒకటి గలదు. ఎరువుల సంచులలో పత్తి ఏరించినచో ఆ సంచి ప్లాస్టికు పీచు దూదిలో కలిసి, బట్టదాక పోయి, రంగు పట్టక తెల్లని మచ్చయై బయటపడును. అట్టి దూదికి మిల్లువాడు వెల తగ్గించుటలో వింత లేదు. కూలివారికి గుడ్డసంచులిచ్చుట పెద్ద ఖర్చు కాదు.

నేత రావలెనని కోరువారు అద్దకపు నీటిని మఱువరాదు. తిరుప్పూరున అద్దకపు మురుగు నొయ్యలు నదిని చెరచుటచే 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు శాలలను మూయించినది. ఉప్పునీటిని కాచి, వడగట్టి, చుక్క విడువకుండ తిరిగి వాడు ఏర్పాటు తప్పనిసరియైనది, అది వ్యయభరితము. నాగులేటి ఒడ్డునగాని చంద్రవంక ఒడ్డునగాని అట్టి శాలకు అనుమతినిచ్చు ముందే ఆ శుద్ధియంత్రమునకు సొమ్మెవరు పెట్టుదురో, నడుపు ఖర్చెవరు భరింతురో పత్రముపై వ్రాయించుకొనవలెను.