వెతుకులాటలో ముందు వరుస: ధర్మసమ్మతమైన దారి ఏది?

కోనసీమలో బేరమంటే ఒకప్పుడు అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు, వారపు సంత, అంగడి అరుగు. నేడు బేరం ఫోను తెర మీదికి చేరింది. కువైట్‌లో ఉన్న బిడ్డకు మిఠాయి పంపదలచినవారు ముందుగా గూగుల్‌లో వెతుకుతారు. మొదట కనిపించిన రెండు మూడు పేర్లు చూసి ఆర్డరు ఇస్తారు. అంతకు దిగువకు వెళ్ళే ఓపిక చాలామందికి ఉండదు. కనుక ఆ వరుసలో చోటు దక్కడమన్నది ఎన్నో కుటుంబాలకు జీవనోపాధి సమస్యగా మారింది.

గత రంజాన్‌కు ముందు మా పూర్వ విద్యార్థి ఒకరు మా వద్దకు వచ్చారు. గల్ఫ్ నుండి తిరిగివచ్చి, రాజోలు దగ్గరి తన ఊరిలో తల్లి, భార్య, ఇరుగుపొరుగు స్త్రీలతో పూతరేకులు చేయించి వెబ్‌సైటు ద్వారా అమ్ముతున్నారు.

“హజ్రత్, సైటు పెట్టి ఏడు నెలలైంది. వెతికితే నాలుగో పేజీలో ఉన్నాం. మా తర్వాత వచ్చినవారు మొదటి పేజీలో ఉన్నారు. కువైట్‌లో కూడబెట్టిన సొమ్మంతా కరిగిపోతోంది” అన్నారు.

ముందు వరుసకు తెస్తామని ఒక ఏజెన్సీ వారు ఆయనకు మూడు ఉపాయాలు చెప్పారట. జనం వెతికేది ఆత్రేయపురం పేరు కనుక ఆ పేరే పెట్టుకోవాలి. డబ్బిచ్చి 200 మెచ్చుకోలు సమీక్షలు రాయించుకోవాలి, పోటీదారులకు ఒక్క నక్షత్రం వేయించాలి. ఇతర సైట్లలో లింకులు కొనాలి. “ఇది జాయెజేనా హజ్రత్?” అన్నది ఆయన ప్రశ్న.

విషయం ఎరుగకుండా తీర్పు చెప్పరాదు. అందుచేత తెలిసినవారిని అడిగి, కొంత చదివి, ఆ తరువాతే సమాధానం ఇచ్చాము. అది ఇతర కుటుంబాలకూ ఉపకరించగలదని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

గూగుల్ చూసేదేమిటి?

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ సంస్థను నెలకొల్పారు. ఒక పేజీకి ఎన్ని ఇతర పేజీలు లింకు ఇస్తున్నాయి, ఆ ఇచ్చేవారి విశ్వసనీయత ఎంత అన్నది వారి పద్ధతికి పునాది. హదీసు శాస్త్రంలో కథనం విలువను తేల్చడానికి ఉల్లేఖకుల విశ్వసనీయతను పరిశీలిస్తారు. ఈ పద్ధతి మాకు దానిని గుర్తుకు తెచ్చింది. నేడు దీనితోపాటు పేజీలోని విషయం, ఫోనులో అది తెరుచుకొనే వేగం వంటి అనేక అంశాలు లెక్కకు వస్తాయి. దగ్గరలోని దుకాణాల కోసం వెతికినప్పుడు మూడు విషయాలు ప్రధానమని గూగుల్ స్వయంగా చెబుతోంది: అడిగినదానితో పొంతన, దూరం, ప్రఖ్యాతి.

వక్రమార్గాల గతి

లింకులు కొని ముందుకు వచ్చినవారు లేకపోలేదు. అమెరికాలోని జె.సి.పెన్నీ అనే పెద్ద వస్త్ర దుకాణాల సంస్థకు ఎన్నో వస్తువుల వెతుకులాటలో మొదటి స్థానం దక్కింది. వేలాది పేజీలలో డబ్బిచ్చి పెట్టించిన లింకులే అందుకు కారణమని 2011లో బయటపడింది. గూగుల్ శిక్షించగా ఆ సంస్థ పేజీలు కొద్ది రోజులలోనే అట్టడుగుకు జారిపోయాయి. అంతకుముందు 2006లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యూ. కార్ల సంస్థ వెబ్‌సైటు, గూగుల్‌కు ఒక పేజీ, మనిషికి మరొకటి చూపినందుకు జాబితా నుండే తొలగించబడింది. అంతటి సంస్థలు తిరిగి కోలుకోగలవు, రాజోలు ఇల్లాలి పూతరేకుల వ్యాపారం కోలుకోగలదా?

పేరు సంగతి మరింత తీవ్రమైనది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. తిరగేసిన కుండపై పల్చని బియ్యపు పిండి పూసి రేకు తీసే ఆ ఊరి స్త్రీల తరతరాల శ్రమకు అది దక్కిన గౌరవం. వేరొక చోట చేసిన సరుకుకు ఆ పేరు తగిలించడం చట్టవిరుద్ధం. అంతకుమించి, అది పరుల కష్టాన్ని అపహరించడమే.

షరీఅత్ దృష్టిలో

కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి మధ్యలో చేరి బేరమాడడాన్ని ‘నజష్’ అంటారు. మహాప్రవక్త (స) దానిని నిషేధించారు. తినని మిఠాయిని మెచ్చుకుంటూ రాసే అద్దె సమీక్షకుడి పని దీనికి భిన్నమైనదని మేము అనుకోము. పోటీదారుపై అబద్ధపు నింద వేయించడం అపనింద కిందికి వస్తుంది. ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపలి తడిని పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మనకు తెలిసినదే. మన దేశంలోనూ భారత ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ సమీక్షల కోసం ‘ఐఎస్ 19000’ అనే ప్రమాణాన్ని తెచ్చింది.

చేయదగినవి

పోటీపడడం తప్పు కాదు. మేము ఆయనకు చెప్పినది ఇది: “బేటా, మీ ఊరి పేరే పెట్టండి. గూగుల్‌లో దుకాణం వివరాలు నమోదు చేయడం ఉచితం. చిరునామా, ఫోను నంబరు, పనివేళలు అన్నిచోట్లా ఒకేలా ఉంచండి. పూతరేకులు అన్న మాటను జనం ఇంగ్లీషు అక్షరాలలో రకరకాలుగా రాస్తారు కనుక, ఆ రూపాలు పేజీలో సహజంగా వచ్చేలా చూడండి. ఏ బియ్యం, నెయ్యా డాల్డానా, బెల్లమా పంచదారా, ఎన్నాళ్ళు నిలువ ఉంటాయి, గల్ఫ్‌కు ఎలా పంపుతారు, ఇవన్నీ వివరంగా రాయండి. అమ్మగారు రేకు తీస్తున్న చేతులను ఫొటో తీసి పెట్టండి. ఫొటోల పరిమాణం తగ్గించండి, పేజీ త్వరగా తెరుచుకుంటుంది. నిజంగా కొన్నవారిని, మంచైనా చెడైనా ఉన్నది రాయమని కోరండి. ఫిర్యాదుకు మర్యాదగా జవాబివ్వండి.”

ఏజెన్సీకి ఇవ్వదలచిన సొమ్ముతో ఆయన డబ్బాలు బాగుచేయించారు. పూతరేకులన్న ఒక్క మాటతో వెతికితే నేటికీ రెండో పేజీలోనే ఉన్నారు. రాజోలు పేరు కలిపి వెతికితే మాత్రం పైన కనిపిస్తున్నారు. ఈద్‌కు కువైట్‌లోని పాత సహచరుల నుండి ఆర్డర్లు వచ్చాయట. లాభం పెద్దది కాదు. కానీ తల్లిగారు, “ఈ డబ్బులో ఎవరి ఉసురూ లేదు” అన్నారని చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

వరుసలో ముందుండాలని కోరుకోవడం సహజం. ఆ చోటు మన సరుకు, మన మాట తెచ్చిపెట్టినదై ఉండాలి. అల్లాహ్ మన సంపాదనలను హలాల్‌గా, శుభవంతంగా చేయుగాక. ఆమీన్.