తెల్లవారుజామున బండి ఎందుకు లాగదు?

తెల్లవారుజామున నాలుగు గంటలు. చలికాలం. మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఇంటి ముందు చిన్న డీజిలు లారీ నిలబడి ఉంది. దాని నిండా టమాటా బాక్సులు. మార్కెట్టుకు వేళకు చేరాలి. ఆలస్యమైతే వాళ్లు అడిగిన ధరకే ఇచ్చి రావాలి.

తమ్ముడు తాళం తిప్పాడు. బండి స్టార్టయింది. కానీ పికప్ లేదు. ఎక్సిలేటరు ఎంత తొక్కినా లాగదు. వెనక తెల్లటి పొగ. ఊరి బయట చిన్న మిట్ట ఎక్కడానికే ఫస్టు గేరు వేయాల్సి వచ్చింది. పదిహేను నిమిషాలు నడిచాక మామూలుగా లాగింది. వారం రోజులుగా ఇదే వరస.

"అక్కా, షెడ్డులో అడిగినాను. బోరు అరిగిందంట. ఇంజను దించాలంటున్నారు" అన్నాడు తమ్ముడు.

అక్క గుండె గుభేలుమంది. బండి అప్పు ఇంకా తీరలేదు. ఇంజను దించడమంటే మాటలా? "తొందరపడొద్దు రా. ముందు జబ్బేమిటో తెలుసుకుందాం" అంది.

అక్కలారా, చెల్లెళ్లారా! మనలో చాలామంది ఇళ్లలో బండే బతుకుతెరువు. అందుకే ఈ సంగతి మనం కూడా తెలుసుకుందాం.

డీజిలు ఎలా మండుతుంది?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది ఉండదు. ఇంజను లోపల గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున వేడి తగులుతుంది కదా! ఇదీ అంతే. ఆ వేడి గాలిలోకి డీజిలు సన్నని తుంపరలా పడుతుంది. భగ్గున మండుతుంది. ఆ బలంతోనే బండి కదులుతుంది.

చలిలో ఇంజను చల్లగా ఉంటుంది. గాలిలోని వేడిని ఆ ఇనుమే లాగేసుకుంటుంది. అప్పుడు డీజిలు సరిగా మండదు. పచ్చికట్టెలు పెట్టిన పొయ్యిలాగా పొగ వస్తుంది. మండని డీజిలే ఆ తెల్లపొగ. ఇంజను ఆయిలు కూడా చలికి చిక్కబడుతుంది. కాబట్టి చలిలో ఒకటి రెండు నిమిషాలు బండి మందంగా ఉండడం సహజం. రోజూ పదిహేను నిమిషాలు లాగకపోతే మాత్రం ఏదో లోపం ఉన్నట్టే.

అక్క ఏం చేసింది?

ఆమె నిరుడే చదవను, రాయను నేర్చుకుంది. ఒక నోటు పుస్తకం తీసింది. అయిదు రోజులు ఇవి రాసింది:

తేదీ, స్టార్టు చేసిన సమయం.
పొగ రంగు.
ఎన్ని నిమిషాలకు బండి లాగింది?
వేడి చూపే మీటరు ముల్లు ఎప్పుడు లేచింది?

రాసింది చూస్తే సంగతి తేటగా తెలిసింది. పొద్దున మాత్రమే బండి మొరాయిస్తోంది. మధ్యాహ్నం స్టార్టు చేస్తే ఏ ఇబ్బందీ లేదు. పొగ రోజూ తెలుపే. వేడి ముల్లు మాత్రం చాలాసేపటికి గానీ లేవడం లేదు.

పొగ ఏం చెబుతుంది?

తెల్లపొగ వస్తే డీజిలు సరిగా మండడం లేదు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోంది. బోరు అరిగిన బండికి తరచు నీలిపొగ వస్తుంది. వేడెక్కాక కూడా బలం ఉండదు.

ఖర్చు తక్కువ పనులు ముందు

ఒకటి: హీటరు ప్లగ్గులు. చిన్న డీజిలు బండ్లలో చాలావాటికి ఇవి ఉంటాయి. స్టార్టు చేసే ముందు ఇంజను లోపల వేడి పుట్టిస్తాయి. తాళం తిప్పగానే హీటరు దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి స్టార్టు చేయాలి. ప్లగ్గులు కాలిపోతే మార్చాలి.

రెండు: గాలి ఫిల్టరు. దుమ్ము పట్టితే ఇంజనుకు ఊపిరాడదు.

మూడు: డీజిలు ఫిల్టరు. చెత్త, నీళ్లు చేరితే డీజిలు సరిగా అందదు. నీళ్లు తీసేయాలి. వేళకు ఫిల్టరు మార్చాలి.

నాలుగు: థర్మోస్టాటు. ఇది నీళ్ల దారిలో ఉండే చిన్న తలుపు. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వదు. సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఎండాకాలంలో ఇంజను కాగుతోందని కొందరు దీన్ని పీకేస్తారు. అప్పుడు చలికాలంలో ఇంజను తొందరగా వేడెక్కదు.

కొత్త బండ్లలో కంప్యూటరు ఉంటుంది. లోపం ఉంటే మీటర్ల దగ్గర ఇంజను బొమ్మ దీపం వెలుగుతుంది. అలాంటి బండిని మిషనుతో పరీక్ష చేయించాలి.

ఇవి చేయకండి

చలికి బండి కింద మంట పెట్టకండి. గాలి పోయే దారిలో పెట్రోలు చల్లకండి. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. ఆ పొగలో ప్రాణం తీసే విషవాయువు ఉంటుంది. స్టార్టు కాగానే ఎక్సిలేటరు బలంగా తొక్కకండి. ఆయిలు అన్ని చోట్లకూ చేరనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకండి.

చివరికి ఏమయింది?

అక్క, తమ్ముడు ఇంకొక మెకానిక్ దగ్గరికి పోయారు. అక్క పుస్తకం ముందు పెట్టింది. ఆయన చదివాడు. "అమ్మా, సగం పని నువ్వే చేసినావు" అన్నాడు. చూస్తే నాలుగు హీటరు ప్లగ్గుల్లో రెండు కాలిపోయాయి. థర్మోస్టాటు అసలు లేనేలేదు. ఎండాకాలంలో ఎవరో పీకేశారు. అప్పుడు ఇంజను కాగింది రేడియేటరుకు మట్టి పట్టినందుకు! రేడియేటరు కడిగించారు. ప్లగ్గులు మార్చారు. థర్మోస్టాటు పెట్టించారు. ఇంజను విప్పే పనే పడలేదు.

మర్నాడు పొద్దున తమ్ముడు హీటరు దీపం ఆరేదాకా ఆగాడు. బండి స్టార్టు చేశాడు. మిట్టను ఇట్టే ఎక్కించాడు. అక్క పుస్తకంలో ఇలా రాసింది: "పొగ లేదు. రెండు నిమిషాలకే లాగింది."

మీ ఇంట్లో బండి ఉందా? అయితే దానికీ ఒక పుస్తకం పెట్టండి.