ముగ్గుతో గీసిన ఊరు

గ్రామసభకు మీరు ఎప్పుడైనా వెళ్లే ఉంటారు. నీళ్ల మాట రాగానే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. గట్టిగా అరిచినవారి మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. వెనక కూర్చున్న ఆడవాళ్ల మాట అక్కడే ఆగిపోతుంది. పైగా పుస్తకంలో ఏం రాశారో చదువురానివారికి తెలియదు. వేలిముద్ర మాత్రం వేస్తారు.

ఈ చిక్కుకు ఒక మార్గం 1980ల చివర్లో మనదేశంలో వ్యాప్తిలోకి వచ్చింది. కర్ణాటకలో మైరాడా, గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామీణ సహాయ కార్యక్రమం వంటి సంస్థలు దీన్ని ఆచరించాయి. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ ఛాంబర్స్ దీన్ని గురించి విస్తారంగా రాశారు. దీనిని 'భాగస్వామ్య గ్రామీణ మదింపు' అంటారు. పేరు పెద్దదే గాని, కావలసినవి ముగ్గుపిండి, గింజలు, ఆకులు, పుల్లలు.

ఒక ఊళ్లో వేసవిలో తాగునీరు చాలడం లేదనుకుందాం. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, ముందుగా దారులు గీస్తారు. తర్వాత చెరువు, గుడి, బడి, ఇళ్లు. నీళ్లున్న బోరుకు పచ్చి ఆకు, ఎండిన బోరుకు ఎండుటాకు పెడతారు. 'మా వాడ ఏది?' అని ఒకామె అడుగుతుంది. అప్పటిదాకా గీసినవారికి ఆ వాడ గుర్తే రాలేదు! ముగ్గు ఆమె చేతికిస్తే, వాడను ఊరికి దూరంగా గీసి, రోజూ ఎన్ని బిందెలు మోస్తుందో అన్ని చింతగింజలు పేరుస్తుంది. ఆ గింజలతో వాదించడం ఎవరికైనా కష్టం. ఎండుటాకులన్నీ వరిపొలాల పక్కనే కనబడితే, ఇంకో బోరు వేసినా నీళ్లు నిలుస్తాయా అన్న ప్రశ్న కూడా పుడుతుంది.

2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులు నడిపిన భూగర్భజల పథకంలోనూ ఇటువంటిదే జరిగింది. రైతులే బావుల నీటిమట్టం కొలిచి, అందరికీ కనిపించేలా బోర్డులపై రాసి, ఉన్న నీటికి ఏ పంట వెయ్యాలో కూర్చుని చర్చించేవారు.

పటం గీయించేవారు ఏం చెయ్యాలి? వినాలి. ఎదుటివారు చెప్పింది తిరిగి చెప్పి, 'ఇదేనా మీ మాట?' అని అడగాలి. తన సలహా కలపరాదు. అన్నిటికన్నా ఇదే కష్టం, చదువుకున్నవారికి మరీను. గాలివాన రాకముందే పటాన్ని కాగితం మీదికి ఎక్కించి, తేదీ, గీసినవారి పేర్లు రాయాలి. అసలు కాగితం ఊళ్లోనే ఉండాలి. ఆఫీసుకు నకలు చాలు.

చేసి చూడండి: మీ వీధి పటాన్ని ఒక పెద్దాయనతో, తర్వాత పదేళ్ల ఆడపిల్లతో విడివిడిగా గీయించండి. ఒక పటంలో ఉండి, రెండోదానిలో లేనివి ఏవో మీ నోటుపుస్తకంలో రాయండి.